మోకాలికి మ్యాగ్నెట్ థెరపీ: ముందు ఏం కొలవాలి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలి, పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

"సార్, మ్యాగ్నెట్ పెట్టించుకుంటే మోకాలు నొప్పి పోయి బలం కూడా వస్తుందంటున్నారు, నిజమేనా?"

బరంపురంలో మా ప్రాక్టీసు హాల్లో పిల్లలు అడుగుతారు, పర్లాకిమిడి నుంచి కబడ్డీ ఆడే కుర్రాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, రాయగడలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు, అటు ఇచ్ఛాపురం వైపు పోలీసు సెలక్షన్ల కోసం పరుగు ప్రాక్టీసు చేసేవాళ్లు, అందరిదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాసేస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. ఏళ్ల తరబడి బరువులెత్తి, మోకాలు పాడుచేసుకుని, బాగుచేసుకుని, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నవాణ్ణి. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో మన బరంపురం కుర్రాడు కాటూలు రవికుమార్ బంగారు పతకం తెచ్చినప్పటి నుంచి ఇక్కడ బరువులెత్తే పిల్లలకి కొదవ లేదు, మోకాలు పట్టుకుని కూర్చునే పిల్లలకీ కొదవ లేదు.

ముందు సూటిగా జవాబు. నొప్పి కొంత తగ్గొచ్చు, కీలు కాస్త తేలిగ్గా కదలొచ్చు. బలం మాత్రం మెషిన్ ఇవ్వదు. నొప్పి తగ్గినప్పుడు మీరు చేసే వ్యాయామం బలాన్నిస్తుంది. మోకాలి అరుగుదల ఉన్నవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో కొన్నింట్లో నొప్పి తగ్గింది, కొన్నింట్లో పెద్ద తేడా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్న ఆటగాడికి వ్యాయామం లేకుండా కేవలం దీనితోనే కండబలం పెరుగుతుందని గట్టి రుజువు లేదు. అలాగని మొత్తం బూటకమూ కాదు, అతుక్కోని ఎముకల కోసం ఇలాంటి పల్స్ మెషిన్లకి అమెరికాలో ప్రభుత్వ అనుమతి 1979లోనే వచ్చింది.

మీరు అడుగుతున్నది ఏ రకం గురించి?

ఇది తేల్చుకోకపోతే మిగతాదంతా వృథా. జాతరల్లో, బస్టాండు దగ్గర అమ్మే అయస్కాంతం బెల్టులు, కడియాలు, పరుపులు ఒక రకం. వీటిలో ఉండేది కదలని అయస్కాంతం, ఆటగాళ్ల కీళ్లకి వీటి వల్ల లాభం ఉందని నమ్మదగ్గ ఆధారం లేదు, ఆ డబ్బులు పెట్టి మంచి బూట్లు కొనుక్కోండి. రెండోది ఫిజియో సెంటర్లలో ఉండే పల్స్ మెషిన్. తీగచుట్ట ఉన్న ప్యాడ్‌లో కరెంటు ఆగి ఆగి పారుతుంది, దాంతో అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతుంది, ఆ మార్పే ఒంట్లో సన్నటి విద్యుత్తు పుట్టిస్తుంది. సాధారణంగా దీని బలం మిల్లీటెస్లాల్లో ఉంటుంది (అయస్కాంత బలానికి కొలత టెస్లా, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు), ఒంటికి ఏమీ తెలియదు. మూడోది టెస్లా పైన ఉండే పెద్ద మెషిన్, టక్ టక్‌మని కొడుతూ కండని దానంతటదే ఎగిరేలా చేస్తుంది. 10,000 గాస్‌లు ఒక టెస్లా, ఎమ్మారై స్కానింగ్ మెషిన్ మామూలుగా 1.5 టెస్లా ఉంటుంది, దాన్నిబట్టి ఈ మూడో రకం సంగతి ఆలోచించండి. అది ఫిజియో దగ్గర నిలబడి చేయాల్సిన పని, ఇంట్లో వద్దు.

ఇక్కడి నుంచి నేను చెప్పేది రెండో రకం గురించి.

ఎవరు దగ్గరికే వెళ్లకూడదు

గుండెలో పేస్‌మేకర్ గానీ షాక్ ఇచ్చే పరికరం గానీ ఉన్నవాళ్లు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవాళ్లు, ఇన్సులిన్ పంపు పెట్టుకున్నవాళ్లు, గర్భిణులు, ఫిట్స్ వచ్చేవాళ్లు. క్యాన్సర్ ఉన్న చోట, రక్తం కారుతున్న చోట, చీము పట్టిన చోట, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిందని అనుమానం ఉన్న చోట పెట్టకూడదు. కాల్లో ప్లేటు, స్క్రూలు ఉంటే ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని అడిగిన తర్వాతే. ఇంకా ఎదుగుతున్న పిల్లల విషయంలో డాక్టర్ చెప్పకుండా నేను పెట్టనివ్వను. మీకు ఇవేమీ లేకపోవచ్చు, కానీ ప్యాడ్ పక్కన కుర్చీలో మిమ్మల్ని తీసుకొచ్చిన మావయ్య పేస్‌మేకర్‌తో కూర్చుని ఉండొచ్చు, అదీ చూసుకోండి.

కావాల్సినవి

టైలర్ టేపు, గోడ, చేతులు లేని గట్టి కుర్చీ, నేల మీద గీత గీయడానికి చాక్‌పీసు, ఒక నోటు పుస్తకం, చిన్న దిక్సూచి లేదా గోళీ అంత అయస్కాంతం. ఇంకా నాలుగు వారాల ఓపిక. మెషిన్ కొనక్కర్లేదు, మొదటిసారికి అస్సలు కొనొద్దు.

1. ముందు నొప్పి ఎందుకో తెలుసుకోండి

దెబ్బ తగిలిన వెంటనే మోకాలు ఉబ్బినా, కాలు కింద పెట్టలేకపోయినా, కీలు మధ్యలో ఇరుక్కుపోయినట్టు ఆగినా, కీలు వేడెక్కి జ్వరం వచ్చినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా మ్యాగ్నెట్ మాట మరిచిపోయి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బరంపురం చుట్టుపక్కల వాళ్లకి ఎమ్‌కేసీజీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, పర్లాకిమిడి వాళ్లకి శ్రీకాకుళం దగ్గర. భాష గురించి టెన్షన్ పడకండి, ఒడియాలో మోకాలిని ఆంఠు అంటారు, వేలు పెట్టి ఎక్కడో చూపిస్తే చాలు.

మన వైపు ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త ఆగి చదవండి. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో సికిల్ సెల్ రక్తదోషం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ దోషం వల్ల ఎముకల్లో, కీళ్లలో వచ్చే నొప్పి ఆటలో తగిలిన దెబ్బలాగే అనిపిస్తుంది. తుంటి కీలులో అయితే రక్తం అందక ఎముక తలే దెబ్బతింటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి దెబ్బ తగలకుండానే తుంటి నొప్పి వస్తుంటే, లేదా ఇంట్లో ఎవరికైనా ఈ దోషం ఉంటే, ముందు రక్తపరీక్ష చేయించండి. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష చేస్తున్నారు. ఆ నొప్పికి ప్యాడ్ పెట్టుకుంటూ నెలలు గడిపితే నష్టం మీకే.

2. మొదటి సిట్టింగుకి ముందే కొలవండి

నూటికి తొంభై మంది చేసే తప్పు ఇక్కడే. ఏమీ కొలవకుండా మొదలుపెడతారు, నెల తర్వాత "కాస్త బాగానే ఉన్నట్టుంది" అంటారు. ఏం బాగుంది, ఎంత బాగుంది అంటే చెప్పలేరు. ఆ నెలలో ఆట మానేసి విశ్రాంతి తీసుకోవడం వల్ల తగ్గిందో, మెషిన్ వల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? వరుసగా కాకుండా వారంలో రెండు వేర్వేరు రోజులు, ఒకే సమయానికి కొలవండి, రెండు కాళ్లకీ. బాగున్న కాలే మీ కొలబద్ద.

నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె వేయండి, అయితే కూర్చున్నప్పుడు కాదు, ఏ పని చేస్తే నొప్పి వస్తుందో ఆ పని చేస్తున్నప్పుడు. ఉదాహరణకి మెట్లు దిగేటప్పుడు, గుంజీలో కిందికి వెళ్లినప్పుడు.

చీలమండ అయితే గోడ పరీక్ష. గోడకి ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలు గోడకి తాకించాలి. తాకుతున్నంతసేపూ పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ వెళ్లండి, మోకాలు చివరిసారి తాకిన చోట ఆపి, బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లో టేపుతో చూడండి. మడమ కింద ఒక కాగితం పెట్టి ఎవరినైనా లాగమనండి, కాగితం జారి వచ్చేస్తే మడమ లేచినట్టే, ఆ కొలత చెల్లదు.

మోకాలికి ఒంటికాలి లేవడం: కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఒక్క కాలి మీద లేచి కూర్చోవాలి, ఆగకుండా ఎన్నిసార్లు చేయగలిగితే అన్ని. నొప్పి లేనివాళ్లు ఒంటికాలి గెంతు కూడా చేయొచ్చు. గీత మీద నిలబడి ముందుకి గెంతి అదే కాలి మీద నిలవాలి, తూలితే లెక్కలోకి రాదు, మూడుసార్లలో మంచిది రాసుకోండి. దెబ్బ తగిలిన కాలు 96 సెంటీమీటర్లు, బాగున్న కాలు 120 వచ్చిందనుకోండి, 96ని 120తో భాగిస్తే 80 శాతం. మళ్లీ పూర్తిగా ఆటలోకి దిగాలంటే 90 శాతమైనా దాటాలన్నది ఫిజియోలు మామూలుగా పెట్టుకునే హద్దు.

తొడ చుట్టుకొలత కావాలంటే మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి టేపు చుట్టండి. టేపు బిగించకుండా, వదులుగా లేకుండా. దీన్ని మాత్రం నాలుగు వారాల్లో పెరుగుతుందని ఆశపెట్టుకోకండి, కండ అంత తొందరగా రాదు.

3. మెషిన్ నిజంగా పనిచేస్తోందా చూడండి

ఇది నా సొంత దెబ్బతో నేర్చుకున్నది. స్నాచ్ (బరువుని ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) చేసి చేసి మోకాలి చిప్ప కింద నొప్పి పట్టుకుంటే మా ఊళ్లో ఒక సెంటర్‌లో ఇరవై సిట్టింగులకి ముందే డబ్బు కట్టాను. రోజూ ప్యాడ్ కడతారు, డబ్బా మీద పచ్చ లైటు వెలుగుతుంది, అంకెలు తిరుగుతాయి, ఇరవై నిమిషాలకి బీప్‌మంటుంది, ఇంటికొచ్చేస్తాను. తొమ్మిదో రోజున మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి కొన్న అర చేతిలో సగం ఉండే దిక్సూచి నా చొక్కా జేబులో ఉండిపోయింది. ఊరికే తీసి ప్యాడ్ పక్కన పెట్టాను. ముల్లు కదల్లేదు. ప్యాడ్ మీద పెట్టాను, అయినా కదల్లేదు. పక్క బల్ల మీద ఇంకొకాయన నడుముకి కట్టిన ప్యాడ్ దగ్గర పెడితే ముల్లు గిజగిజా కొట్టుకుంది. నా ప్యాడ్ వైరు కనెక్టర్ దగ్గర లోపల తెగిపోయి ఉంది, తొమ్మిది రోజులూ ఖాళీ గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. వాళ్లు కావాలని చేశారని అనను, కానీ ఎవరూ చూడలేదు. అంతకంటే ఎక్కువగా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకోటి, ఆ తొమ్మిది రోజుల్లో నాకు నొప్పి కొంచెం తగ్గినట్టే అనిపించింది! అందుకే రెండో అంచెలో కొలతల గురించి అంతగా చెప్పాను.

కాబట్టి కాలికి కట్టకముందే చిన్న అయస్కాంతాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ప్యాడ్ మీదికి తీసుకెళ్లండి. ప్యాడ్ బతికే ఉంటే వేళ్లలో గుర్రుమని వణుకు తెలుస్తుంది. తక్కువ బలం ఉన్న మెషిన్ అయితే వణుకు తెలియకపోవచ్చు, అప్పుడు దిక్సూచి. ఫోన్‌లో అయస్కాంతం కొలిచే యాప్ కూడా పనికొస్తుంది, మన ప్రాంతంలో భూమిది మామూలుగా 40 మైక్రోటెస్లా పైచిలుకు చూపిస్తుంది, ప్యాడ్ ఆన్ చేయగానే అంకె ఎగిరెగిరి పడాలి. ఫోన్ని ప్యాడ్ మీద పెట్టేయకండి, జానెడు దూరంలో ఉంచండి. ఇనుప మంచం పక్కన చూస్తే అంకె ముందే తప్పుగా ఉంటుంది, చెక్క బల్ల మీద చూడండి.

4. జేబులు ఖాళీ చేయండి

ఫోన్, ఏటీఎం కార్డు, వాచీ, వినికిడి మిషన్, తాళాలు అన్నీ దూరంగా పెట్టండి. కాలి పట్టీలు, మెట్టెలు కూడా తీయండి. పెద్ద మెషిన్ అయితే లోహం వేడెక్కి కాలుతుంది, అక్కడ ఉంగరం, మొలతాడు బిళ్ల కూడా ఉండకూడదు.

5. ప్యాడ్ ఎక్కడ, ఎంత దగ్గరగా

బట్ట అడ్డం వస్తుందని చాలామంది ప్యాంటు మడిచి ఇబ్బంది పడతారు. అయస్కాంత క్షేత్రానికి బట్ట అడ్డం కాదు. అడ్డమల్లా దూరం. గుండ్రటి కాయిల్ 10 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, నడిమధ్య నుంచి 5 సెంటీమీటర్లు లోపలికి వెళ్లేసరికి బలం మూడో వంతుకి పడిపోతుంది, 10 సెంటీమీటర్లకి పదకొండో వంతే మిగులుతుంది. మోకాలి చిప్ప, చీలమండ చర్మానికి దగ్గరే కాబట్టి చిన్న ప్యాడ్ సరిపోతుంది. తుంటి కీలు లోతుగా ఉంటుంది, చిన్న ప్యాడ్‌తో అక్కడికి పెద్దగా ఏమీ చేరదు, మనిషి దూరేంత పెద్ద రింగు ఉన్న మెషిన్ కావాలి. టర్కీ టవల్ నాలుగు మడతలు వేసి దాని మీద ప్యాడ్ పెట్టేవాళ్లని చూశాను, అలా చేస్తే దూరం పెరిగినట్టే. పల్చటి గుడ్డ ఒక్కటి చాలు, అదీ చెమట కోసం. మోకాలి బెల్టు మీదే కట్టించుకోకండి, బెల్టు తీసేయండి.

నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి, పెన్నుతో చుక్క పెట్టి, కాయిల్ మధ్యభాగం ఆ చుక్క మీదికి వచ్చేలా పెట్టించండి. రోజూ అదే చోట. రెండు ప్యాడ్లు ఉంటే కీలుకి అటూ ఇటూ, ఏ ముఖం లోపలికి ఉండాలో కంపెనీ వాళ్లు గుర్తు వేస్తారు, ఒకటి తిరగేసి పెడితే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

6. ఎంతసేపు, ఎన్ని రోజులు

మెషిన్ని బట్టి మారుతుంది, కాబట్టి ఫిజియో పెట్టిన సెట్టింగుని మీరు తిప్పకండి, కానీ అంకెలు అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి: ఎన్ని హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని పల్స్‌లు), ఎన్ని గాస్ లేదా మిల్లీటెస్లా, ఎన్ని నిమిషాలు. మోకాలి మీద చేసిన పరిశోధనల్లో ఎక్కువగా కనిపించేవి 75 హెర్ట్జ్ వరకు ఉండే తక్కువ పల్స్‌లు, 20 నుంచి 30 నిమిషాలు, వారానికి మూడు నుంచి ఐదు రోజులు, మూడు నుంచి ఆరు వారాలు. రెండు రెట్లు పెడితే రెండు రెట్లు లాభం అని ఎవరూ చూపించలేదు. నంబర్లు చెప్పని, చెప్పలేని చోట డబ్బు కట్టకండి.

ఇంట్లో వాడేవాళ్లు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న సాకెట్ చూసుకోండి, తడి కాళ్లతో ముట్టుకోకండి. మన వైపు వానాకాలం కరెంటు ఎగుడుదిగుళ్లు తెలిసినవే, స్టెబిలైజర్ ఉంటే మంచిది.

7. ప్యాడ్ పెట్టుకున్న రోజునే వ్యాయామం కూడా

దీన్ని వదిలేస్తే పైన చేసిందంతా సగమే. చిప్ప కింద నొప్పికి నేను వాడేది గోడ కుర్చీ, చిన్నప్పుడు బడిలో శిక్షగా వేయించేవారే, అదే. వీపు గోడకి ఆనించి, పూర్తి కుర్చీ అంత కిందికి కాకుండా కాస్త పైనే ఆగి, 45 సెకన్లు. రెండు నిమిషాలు విశ్రాంతి. ఇలా ఐదుసార్లు. నొప్పి 3 దాటకూడదు, దాటితే ఇంకాస్త పైకి లేవండి. వారం తర్వాత నెమ్మదిగా గుంజీలు కలపండి, మూడు లెక్కపెడుతూ కిందికి, మూడు లెక్కపెడుతూ పైకి. చీలమండకి మెట్టు అంచు మీద మునివేళ్లతో లేవడం, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో.

మరుసటి పొద్దున్న నొప్పి ముందు రోజు అంకెకే వచ్చేస్తే చేసింది సరిపోయింది. పెరిగి, ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే ఎక్కువ చేశారు, సగానికి తగ్గించండి.

పోటీకి ముందు రోజు మొట్టమొదటిసారి ప్యాడ్ పెట్టుకోవద్దు. నొప్పి తగ్గితే కీలు బాగుపడిందని అనిపిస్తుంది, ఆ నమ్మకంతో బరువు ఎక్కువ వేసేస్తారు.

8. ఒకసారికి ఒకటే మార్చండి

మ్యాగ్నెట్, దాంతోపాటు కొత్త నూనె, కొత్త మాత్ర, కొత్త బూట్లు, అన్నీ ఒకే వారంలో మొదలుపెడితే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. పర్లాకిమిడి దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక కబడ్డీ కుర్రాడి సంగతి చెబుతాను. చీలమండ బెణికి గోడ పరీక్షలో ఒక కాలు 5, ఇంకో కాలు 11 సెంటీమీటర్లు వచ్చింది. నాలుగు వారాలకి 5 కాస్తా 9 అయింది. వాడు మెషిన్‌కి దండం పెడుతున్నాడు. కానీ నోటు పుస్తకం తీసి చూస్తే సిట్టింగులు పన్నెండే, మెట్టు మీద వ్యాయామం మాత్రం ఒక్క రోజు తప్పలేదు. "తమ్ముడూ, మెషిన్ మానేసి రెండు వారాలు వ్యాయామమే చేసి చూడు" అన్నాను. 10కి వచ్చింది. మెషిన్ వల్ల ఏమీ జరగలేదని దీనర్థం కాదు, మొదటి వారం నొప్పికి అది తోడయ్యుండొచ్చు. కానీ ఆపినా ఆగలేదంటే మోసుకొచ్చింది వ్యాయామమే.

9. నాలుగు వారాల తర్వాత లెక్క చూడండి

మొదట కొలిచినట్టే, అదే కుర్చీ, అదే గోడ, అదే సమయం. నొప్పి అంకె కనీసం 2 తగ్గితేనే తగ్గినట్టు, 6 నుంచి 5కి వస్తే అది రోజువారీ తేడా కావొచ్చు. గోడ పరీక్షలో 2 సెంటీమీటర్ల లోపు మార్పుని లెక్కలోకి తీసుకోకండి, తొడ చుట్టుకొలతలో 1 సెంటీమీటరు లోపు కూడా అంతే. నొప్పి తగ్గి, ఒంటికాలితో లేచే లెక్క కూడా పెరిగితే ఇంకో రెండు వారాలు కొనసాగించి ఆపండి. నొప్పి తగ్గి లెక్క పెరగకపోతే మీరు వ్యాయామం సరిగ్గా చేసి ఉండకపోవచ్చు. రెండూ కదలకపోతే ఆపేసి డాక్టర్ దగ్గరికి, ఇంకో ఇరవై సిట్టింగులు కాదు. నొప్పి పెరిగినా, తిమ్మిరి ఎక్కినా, తల తిరిగినా ఆ రోజే ఆపండి.

ఎక్కువగా అడిగే ఇంకో మూడు

"డోప్ టెస్టులో దొరుకుతామా?" మ్యాగ్నెట్ మెషిన్ నిషేధ జాబితాలో లేదు. కానీ నొప్పి తగ్గలేదని మోకాల్లో వేసే స్టిరాయిడ్ ఇంజక్షన్ సంగతి వేరు, 2022 నుంచి పోటీ సమయంలో ఆ ఇంజక్షన్లన్నీ నిషేధం, మోకాలి కీలులో వేసినా సరే. వేయించుకునే ముందు మీరు పోటీలకి వెళ్లేవారని డాక్టర్‌కి చెప్పండి.

"ఇరవై సిట్టింగుల ప్యాకేజీ తీసుకుంటే తగ్గింపు ఇస్తామంటున్నారు." ఆరు సిట్టింగులకే కట్టండి. ఒప్పుకోకపోతే ఇంకో చోటు చూడండి.

"మా ఊళ్లో మెషిన్ లేదు, గుణుపురం నుంచి బరంపురం రావాలా?" వద్దు. ఇరవై నిమిషాల ప్యాడ్ కోసం పొద్దున్నే బస్సెక్కి, మోకాళ్లు ముందు సీటుకి తగిలించుకుని గంటల తరబడి కూర్చుని, మళ్లీ అంతసేపు వెనక్కి వెళ్తే ఆ మోకాలికి అదే పెద్ద దెబ్బ. ఒక్కసారి వచ్చి మంచి ఫిజియోకి చూపించుకుని వ్యాయామాలు నేర్చుకుని వెళ్లండి, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ కూడా ఉంది, పెద్ద సమస్య అయితే అక్కడికి. ఇంట్లో గోడ ఉంది, మెట్టు ఉంది, టేపు ఉంది. రెండో అంచె, ఏడో అంచె, తొమ్మిదో అంచె చేయండి, మిగతావి వదిలేయండి. నాలుగు వారాల తర్వాత మీ అంకెలు నాకు పంపితే చూసి చెబుతాను, రెండు కాళ్లవీ పంపండి.